బురదలో దిగబడ్డ ఫోర్ బై ఫోర్‌ను బయటికి తీయడం

నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే పికప్ బురదలో ఆగిపోయిందంటే, బలం చాలక ఆగిపోవడం చాలా అరుదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ అయినా, టయోటా హైలక్స్ అయినా, మహీంద్రా బొలెరో క్యాంపర్ ఫోర్ బై ఫోర్ అయినా చక్రాన్ని తిప్పే సత్తాకు కొదవ లేదు. కొరవడేది నేల మీద టైరుకు పట్టు. పట్టు తప్పిన చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, కింది మట్టిని వెనక్కి చిమ్ముతుంది, తన గోతిని తనే తవ్వుకుంటుంది. జానెడు లోతులో ఉన్న చక్రాన్ని అర నిమిషం అలా తిప్పితే చాలు, ఇరుసు నేలకు ఆనుతుంది. అప్పటిదాకా కాసేపట్లో తేలే పని కాస్తా పూట పని అవుతుంది. అందుకే బండి కదలడం మానిందని తెలిసిన మరుక్షణం యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసెయ్యాలి. ఈ అధ్యాయంలో వచ్చే మిగతా పద్ధతులన్నిటికన్నా ఇది విలువైనది. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా పాటించేవాళ్లు తక్కువ.

ఆ తర్వాత పని ఒక వరసలో సాగాలి. ముందు బండిని పట్టి ఉంచిన అడ్డును తగ్గించాలి. తర్వాత టైరుకు పట్టు పెంచాలి. ఆ రెండూ అయ్యాకే సొంత ఇంజిన్‌తో గానీ ఇంకో బండితో గానీ లాగాలి. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. దిగబడగానే ట్రాక్టరుకు ఫోన్ చేస్తారు, గొలుసు కడతారు, గుంజుతారు. బంపర్లు ఊడేదీ, గొలుసులు తెగేదీ, మనుషులకు దెబ్బలు తగిలేదీ అక్కడే.

నేలను బట్టి బురద

అన్ని బురదలూ ఒకటి కావు. నల్లరేగడిలో బంకమట్టి పాలు ఎక్కువ. అందులోని మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నేల నెర్రెలు బారుతుంది. గుంటూరు, ప్రకాశం, నంద్యాల, ఆదిలాబాద్ ప్రాంతాల పత్తి, మిరప చేలలో ఒక్క వాన పడితే చాలు, ఈ మట్టి టైరు గాడుల్లో నిండిపోయి పొర మీద పొర అంటుకుంటుంది. నాలుగు గజాలు నడిచేసరికి మడ్ టైరు సైతం నున్నటి టైరుతో సమానమవుతుంది. మడ్‌గార్డు లోపల మట్టి కూరుకుపోయి చక్రం తిరగనివ్వని సందర్భాలూ ఉంటాయి. అలాంటప్పుడు పారకన్నా ముందు గడ్డపార మొనతో మడ్‌గార్డు లోపలి మట్టిని పొడిచి తీయాల్సి వస్తుంది.

తెలంగాణ, రాయలసీమల ఎర్రచెల్క నేలల తీరు వేరు. వాటిలో ఇసుక ఎక్కువ, నీరు త్వరగా ఇంకుతుంది, కింద చాలాచోట్ల మొరం తగులుతుంది. ఇక్కడ దిగబడ్డ బండికి తొందర లేకపోతే వాన వెలిసి ఎండ కాసేదాకా ఆగడమే మంచి ఉపాయం. పొద్దున కదలనిది సాయంత్రానికి తేలిగ్గా కదలవచ్చు. నల్లరేగడిలో ఆ ఆశ పెట్టుకోకూడదు. పైపొర ఎండి పెళుసుగా కనిపించినా లోపల రోజుల తరబడి తడి ఉంటుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల వరిమళ్లలో మరో విశేషం ఉంది. ఏటా దమ్ము చేసిన మడిలో పైన మెత్తటి బురద ఉంటుంది, దాని కింద, సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతున, గట్టిపడిన పొర ఉంటుంది. మడిలో నీరు నిలిచేది ఆ పొర వల్లే. చక్రం అక్కడిదాకా చేరిందంటే దానికి ఆనిక దొరికినట్టే. ఆ పొరను చక్రం తొలిచెయ్యకుండా చూసుకుంటే చాలు. కాలవగట్లు, కొత్తగా మట్టి పోసిన పుంతలు దీనికి పూర్తిగా వేరు. పోసిన మట్టి దిమ్మిస కొట్టనిదైతే కింద గట్టి పొర అంటూ ఏదీ ఉండదు.

ఇదంతా తెలుసుకోవడానికి పొడవాటి కర్ర గానీ గడ్డపార గానీ చాలు. చక్రానికి అడుగు దూరంలో నిలువుగా గుచ్చి, గట్టి నేల ఎంత లోతున తగులుతోందో చూడాలి. బండి ముందూ వెనకా రెండు మూడు చోట్ల గుచ్చితే ఎటు తీయాలో తేలిపోతుంది. ఎక్కువసార్లు జవాబు వెనక్కే. బండి వచ్చిన జాడలో ముందే ఒకసారి చక్రాలు నడిచాయి, మట్టి అణిగింది, అక్కడిదాకా బండి రాగలిగిందన్న రుజువూ ఉంది. ముందున్న నేల సంగతి ఎవరికీ తెలియదు.

ఇంజిన్ తిరుగుతున్నా బండి ఎందుకు కదలదు

ఫోర్ బై ఫోర్ వేసినా రెండే చక్రాలు తిరుగుతున్నాయి, సిస్టమ్ పాడైందేమోనన్న అనుమానం చాలామందికి వస్తుంది. సాధారణంగా ఏదీ పాడవదు. ఒక ఇరుసు మీది రెండు చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ రెండిటికీ సమానమైన తిప్పుడు బలాన్నే ఇస్తుంది. బురదలో తేలిన చక్రం తిరగడానికి కొంచెం బలం చాలు. కాబట్టి గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ ఆ కొంచెమే అందుతుంది, అది బండిని నెట్టడానికి సరిపోదు. ముందు ఇరుసులో ఒకటి, వెనక ఇరుసులో ఒకటి జారిపోతే మిగతా రెండు చక్రాలు గట్టి నేల మీద ఉండి కూడా కదలవు. ఐమూలగా ఉన్న గోతుల్లో ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం పడ్డప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది.

డిఫరెన్షియల్ లాక్ ఉన్న బండిలో మీట నొక్కితే ఆ ఇరుసు మీది రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి, సగం కష్టం తీరుతుంది. లాక్ వేశాక స్టీరింగ్ బరువెక్కుతుంది, బండి తిన్నగా వెళ్లాలనే చూస్తుంది. గట్టి నేల మీదికి రాగానే దాన్ని తీసెయ్యాలి. లాక్ లేని కొత్త బండ్లలో ట్రాక్షన్ కంట్రోల్ ఉంటుంది. తిరిగిపోయే చక్రానికి బ్రేకు వేసి రెండో దానికి బలం మళ్లించే రకమైతే దాన్ని ఉంచుకోవడమే మేలు. చక్రం జారగానే ఇంజిన్ బలాన్ని కోసేసే రకమైతే బురదలో బండి మూలుగుతూ నిలబడిపోతుంది, అప్పుడు డ్యాష్‌బోర్డు మీద దాన్ని ఆపే మీట నొక్కాలి. రెండూ లేని పాత బండ్లలో హ్యాండ్‌బ్రేకును రెండు మూడు పళ్లు మాత్రమే పైకి లాగి మెల్లగా క్లచ్ వదిలితే తేలిపోయిన వెనక చక్రానికి కొంత అడ్డు తగిలి, గట్టి నేల మీది చక్రానికి బలం అందుతుంది. ఇది ఎప్పుడూ పనిచేస్తుందని చెప్పలేం, పనిచేసినప్పుడు మాత్రం తాడు అవసరం లేకుండా గట్టెక్కిస్తుంది.

గేరు విషయం. 4ఎల్, అంటే నాలుగు చక్రాల లో-రేంజ్ గేరు, వేయాలంటే బండి పూర్తిగా ఆగాలి, క్లచ్ తొక్కి గేరును న్యూట్రల్‌లో పెట్టాలి. ఆటోమేటిక్ అయితే లీవరు న్యూట్రల్‌లో ఉండాలి. 4ఎల్‌లో చక్రాలకు అందే తిప్పుడు బలం సుమారు రెండున్నర రెట్లు పెరుగుతుంది. అంత బలం ఉన్నప్పుడు మొదటి గేరు బురదకు మరీ ఎక్కువ, చక్రం పట్టు దొరికించుకునే లోపే జారిపోతుంది. అందుకని 4ఎల్‌లో రెండో గేరు వేసి, ఇంజిన్ ఆగిపోనంత వరకు మాత్రమే యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్‌ను నింపాదిగా వదలాలి. కొన్ని పాత బండ్లలో లోపల మీట వేస్తే చాలదు, ముందు చక్రాల హబ్ మీది బిళ్లను చేత్తో తిప్పి లాక్ చేయాలి. బురదలో కూరుకుపోయాక ఆ బిళ్లను వెతుక్కోవడం కష్టం కాబట్టి మెత్తటి నేలలోకి దిగకముందే ఆ పని ముగించాలి.

పార, గాలి, చక్రం కింద ఆసరా

బండిని లాగడానికి ఎంత బలం కావాలో అంచనా వేసే మోటు లెక్క ఒకటి సైనిక రికవరీ శిక్షణలో వాడతారు. బురద చక్రం హబ్ దాకా ఉంటే బండి మొత్తం బరువుకు సమానమైన లాగుడు కావాలి. హబ్ దాటి మడ్‌గార్డు దాకా ఉంటే బరువుకు రెండింతలు, క్యాబిన్ దాకా మునిగితే మూడింతలు. రెండు టన్నుల పికప్‌లో అర టన్ను సరుకు ఉందనుకుంటే హబ్ లోతులో రెండున్నర టన్నులు, మడ్‌గార్డు లోతులో అయిదు టన్నులు. ఈ లెక్క చూశాక పార విలువ ఏమిటో తెలుస్తుంది. మనిషి పారతో మడ్‌గార్డు లోతును హబ్ లోతుకు తగ్గించాడంటే రెండున్నర టన్నుల లాగుడును అక్కడికక్కడే మిగిల్చినట్టు. తొట్టిలోని ఎరువుల బస్తాలు దించితే ఆ మేరకు మరింత కలిసొస్తుంది.

తవ్వడంలో తరచు జరిగే పొరపాటు చక్రం చుట్టూ మాత్రమే తవ్వడం. బండిని నిజంగా పట్టి ఉంచేది చాలాసార్లు దాని పొట్ట. చాసిస్, ఇరుసు మధ్యలో ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్ డొప్ప, డీజిల్ ట్యాంకు కింది రేకు, వీటిలో ఏదో ఒకటి మట్టి దిబ్బ మీద కూర్చుని ఉంటుంది. చక్రాల మీద పడాల్సిన బరువును ఆ దిబ్బ మోస్తున్నంతసేపు టైర్లకు పట్టు రాదు. పక్కన పడుకుని కింద చూసి, ఎక్కడ ఆనిందో గుర్తించి, పొడవాటి పిడి ఉన్న పారతో ఆ మట్టిని బయటికి లాగెయ్యాలి. జాకీ ఎక్కించి ఉన్న బండి కిందికి గానీ, పక్కకు ఒరిగిన బండి కిందికి గానీ తలా చేతులూ పెట్టకూడదు.

పొట్ట కింద ఖాళీ అయ్యాక చక్రాల పని. బయటికి పోవాల్సిన వైపు, ప్రతి చక్రం ముందున్న నిలువు గట్టును ఏటవాలుగా చెక్కాలి. గోతి అడుగు నుంచి పైనేల దాకా కనీసం మూడు నాలుగు అడుగుల పొడవున వాలు ఉండాలి. చక్రం మెట్టు ఎక్కలేదు గానీ వాలు ఎక్కగలదు. నీరు నిలిచి ఉంటే చిన్న కాలువ తీసి పల్లానికి వదలాలి. చక్రానికి, మట్టికి మధ్య గాలి దూరే సందు కూడా తీయాలి. నాటు వేసే మడిలో కాలు ఇరుక్కున్నప్పుడు మడమ కదిపి గాలి పోనిస్తే కాలు ఊడి వస్తుంది, టైరు విషయమూ అంతే. స్టీరింగ్‌ను తిన్నగా పెట్టి ఉంచడం మరచిపోకూడదు. వంకరగా ఉన్న ముందు చక్రాలు నాగలి కర్రుల్లా మట్టిని అడ్డుకుంటాయి.

ఇక గాలి. మామూలు రోడ్డు మీద ఈ తరహా పికప్‌ల టైర్లలో 30 నుంచి 35 పీఎస్‌ఐ గాలి ఉంటుంది, లోడు ఉంటే వెనక ఇంకా ఎక్కువ. దాన్ని 18 నుంచి 20కి దింపితే టైరు నేలను తాకే భాగం పొడవుగా సాగుతుంది. బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుని చక్రం తక్కువ దిగుతుంది, ఎక్కువ గాడులు మట్టిని పట్టుకుంటాయి. పని చిన్నది. వాల్వు మూత తీసి జేబులో వేసుకుని, లోపలి సన్నటి పిన్నును తాళంచెవి మొనతో నొక్కి పట్టాలి. రెండు మూడు నిమిషాల్లో ఒక టైరు పని అయిపోతుంది. మధ్యమధ్యలో గేజి పెట్టి చూసుకుంటూ నాలుగు టైర్లనూ ఒకే స్థాయికి తేవాలి. వాల్వు బురదలో ఉంటే ముందు కడిగి ఆ తర్వాతే నొక్కాలి, లేకపోతే ఇసుక రేణువు పిన్ను దగ్గర ఇరుక్కుని గాలి కారుతూనే ఉంటుంది. 15 కన్నా కిందికి దింపితే టైరు అంచు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. ఒకసారి ఊడితే బురదలో దాన్ని మళ్లీ ఎక్కించడం మామూలు మనుషుల వల్ల కాదు. గాలి తీసిన బండిని మెల్లగానే నడపాలి, తిన్నగా తారురోడ్డు ఎక్కి వేగం అందుకోకూడదు. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి గానీ బ్యాటరీ నుంచి గానీ నడిచే చిన్న కంప్రెసర్ ఇలాంటి బండిలో స్టెప్నీ అంత ముఖ్యమైన సామాను.

చక్రం కింద పెట్టడానికి ప్లాస్టిక్ ట్రాక్షన్ బోర్డులు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి. బోర్డు కొనను టైరు కిందికి వీలైనంత లోపలికి నెట్టి, చెక్కిన వాలు మీద పరచాలి. బోర్డు మీద టైరును గిర్రున తిప్పితే దాని పళ్లు వేడికి కరిగిపోతాయి, కాబట్టి ఇక్కడా నింపాదే ముఖ్యం. బోర్డులు లేకపోతే ఊళ్లో దొరికేవాటితో పని జరుగుతుంది. తాటిమట్టలు, కొబ్బరిమట్టలు, కంకర, ఇటుక ముక్కలు, మొరం, చక్రానికి అడ్డంగా పరిచిన చేతిమందం కొమ్మలు ఇందుకు పనికొస్తాయి. తుమ్మ, రేగు కంపల జోలికి పోకూడదు, పంక్చరైన టైరుతో కష్టం రెట్టింపవుతుంది. ఉత్త వరిగడ్డి తడి బంకమట్టిలో కలిసిపోయి జారుడు పెంచుతుంది. గోనెసంచుల్లో మొరం నింపి పరిస్తే మాత్రం చక్కటి ఆసరా. గోతి మరీ లోతైతే వెడల్పాటి చెక్క మీద జాకీ నిలిపి చక్రాన్ని పైకెత్తి, కింద రాళ్లు నింపి, దాని మీదికి దించాలి. పని చేస్తున్నంతసేపూ మనుషులు పక్కనే ఉండాలి గానీ కింద ఉండకూడదు.

ఇంతా చేశాక ఇంజిన్ స్టార్ట్ చేయాలి. దానికి ముందు సైలెన్సర్ గొట్టం మూతి బురదలో మునగలేదని చూడాలి. మూసుకుపోతే పొగ క్యాబిన్‌లోకి చేరవచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. బండి కొంచెం కదిలి ఆగిపోతే ముందుకూ వెనక్కూ ఊపే పద్ధతి ఉంది. ముందుకు పోగలిగినంత పోయి, చక్రం జారబోయే ముందే ఆపి, వెనక్కి రావాలి. ప్రతిసారీ అణిగిన దారి కొంచెం పొడవవుతుంది. జారుతున్నప్పుడు స్టీరింగ్‌ను కొద్దిగా కుడీ ఎడమా ఆడిస్తే టైరు అంచులకు కొత్త మట్టి దొరుకుతుంది. నాలుగైదు ఊపుల్లో ఫలితం కనిపించకపోతే మళ్లీ పార పట్టాలి. ఆటోమేటిక్ గేరుబాక్సు ఈ ఊపులకు త్వరగా వేడెక్కుతుంది. నెట్టడానికి వచ్చినవాళ్లను చక్రాల వెనక నిలబెట్టకూడదు, అక్కడి నుంచి ఎగిరేది బురద ఒక్కటే కాదు, రాళ్లూ కొమ్మలూ కూడా. బరువు కోసం పిల్లలను తొట్టిలోకి, బంపర్ మీదికి ఎక్కించడం పల్లెల్లో చూస్తుంటాం. బండి ఒక్కసారి కుదిపితే వాళ్లు పడేది చక్రం దగ్గరే. ఇది ఎంతమాత్రం చేయకూడని పని.

ఇంకో బండితో లాగడం

ప్రాణాలు పోయే ప్రమాదాలు ఈ దశలోనే ఎక్కువ. సాగిన తాడులో టన్నుల బలం దాగి ఉంటుంది. ఏదైనా తెగితే తాడుకు కట్టిన ఇనుప ముక్క ఏ అద్దాన్నీ లెక్కచేయకుండా దూసుకొస్తుంది.

రికవరీకి వాడే బెల్టులూ తాళ్లూ రెండు రకాలు. నైలాన్‌తో చేసినవి సాగుతాయి, మంచి కైనెటిక్ తాడు తన పొడవులో 30 శాతం దాకా సాగి, ఆ శక్తితో బురదలోని బండిని మెత్తగా గుంజుతుంది. పాలిస్టర్ బెల్టులు దాదాపు సాగవు. అవి నింపాదిగా లాగడానికే, వాటితో ఎగిరి గుంజకూడదు. గొలుసుకు, ఉక్కు తాడుకు సాగే గుణమే లేదు. గొలుసు వదులుగా పెట్టి ట్రాక్టరును దూకించడం మన పల్లెల్లో అందరూ చేసే పనే గానీ, ఉన్న పద్ధతులన్నిటిలో అతి ప్రమాదకరమైనది అదే. తాడు తెగే బలం రెండు బండ్లలో తేలికైనదాని మొత్తం బరువుకు రెండు నుంచి మూడు రెట్లు ఉండాలి. మూడు టన్నుల లోపు పికప్‌కు ఎనిమిది టన్నుల తాడు తగినది. ఆస్ట్రేలియాలో ఈ బెల్టులకు చట్టబద్ధమైన భద్రతా ప్రమాణం ఉంది, బలమూ హెచ్చరికలూ బెల్టు వెంటే ఉండాలి. మన దగ్గర కొనేవాళ్లే ఆ ముద్ర ఉందో లేదో చూసుకోవాలి. కిరాణా కొట్టులో దొరికే ప్లాస్టిక్ తాడు, లారీ టార్పాలిన్ కట్టే మోకు ఈ పనికి పనికిరావు.

ఎక్కడ కట్టాలన్నది తాడుకన్నా ముఖ్యం. చాసిస్‌కు బోల్టులతో బిగించిన రికవరీ హుక్‌కే కట్టాలి. బంపర్, బుల్‌బార్, ఇరుసు, స్టీరింగ్ రాడ్డు, కమాన్‌కట్ట, ఇవేవీ ఆ బలానికి తట్టుకోవు. ట్రైలర్ తగిలించే ఉండ అన్నిటికన్నా అపాయం. అది విరిగితే తుపాకి గుండే. ఆస్ట్రేలియాలో అలా విరిగిన ఉండ తగిలి మనుషులు చనిపోయారు. బంపర్‌లో మర తిప్పి బిగించే కొక్కెం చెడిపోయిన బండిని రోడ్డు మీద లాగడానికి ఇచ్చింది, బురద లాగుడుకు కాదు. తాడును హుక్‌కు కలిపే షాకిల్ మీద పనిబలం అచ్చుపోసి ఉండాలి. 4.75 టన్నుల షాకిల్ ఈ బండ్లకు సరిపోతుంది. దాని మేకును పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పితే, లాగాక పట్టేసి ఊడనని మొరాయించదు. రెండు బెల్టులను కలపాల్సి వస్తే ఒకదాని కన్నులో ఇంకొకటి దూర్చి ముడిపెట్టాలి. మధ్యలో షాకిల్ పెడితే బెల్టు తెగినప్పుడు అది గాలిలోకి లేస్తుంది.

సాయానికి వచ్చిన బండి బురదలోకి దిగకూడదు, గట్టి నేల మీదే ఉండాలి. అందుకే పొడవాటి తాడు కావాలి. తాడు మధ్యలో తడి గోనెసంచిని గానీ మందపాటి దుప్పటిని గానీ వేయాలి. తెగినా అది తాడును నేలకు దించుతుంది. చూడవచ్చినవాళ్లంతా తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంలో, పక్కకు నిలబడాలి. ఊరి జనం గుంపుగా చేరినప్పుడు ఇది చెప్పి ఒప్పించడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టాలి, డ్రైవరుకు సైగ చేసేవాడు కూడా అతనొక్కడే అయితే గందరగోళం ఉండదు. కైనెటిక్ తాడైతే రెండు మీటర్ల వదులు ఉంచి, లాగే బండి 4ఎల్‌లో నింపాదిగా కదలాలి. బురదలోని డ్రైవరు కూడా అదే క్షణంలో రెండో గేరులో చక్రాలను మెల్లగా తిప్పాలి. మొదటి లాగుడు సున్నితంగా ఉండాలి, చాలకపోతేనే రెండోది కాస్త గట్టిగా. మూడోసారికీ కదలకపోతే తాడు విప్పి పారకు తిరిగి వెళ్లాలి.

ట్రాక్టరుతో లాగేటప్పుడు తాడును వెనక ఇరుసుకన్నా కిందుండే డ్రాబార్‌కే కట్టాలి. టాప్ లింకుకో, ఇరుసు మీదనో కడితే లాగుడు బలానికి ట్రాక్టరు ముందుభాగం పైకి లేచి వెనక్కి బోల్తా పడుతుంది. డ్రైవరుకు క్లచ్ తొక్కే వ్యవధి కూడా దొరకదు. దమ్ము చక్రాలున్న ట్రాక్టరు వరిమడిలో అద్భుతంగా పట్టు చిక్కించుకుంటుంది, అయితే అది తారురోడ్డు మీద నిలబడి లాగితే జారుతుంది, రోడ్డూ చెడుతుంది. జేసీబీ దొరికితే ట్రాక్టరుకన్నా మంచిదే. హైడ్రాలిక్ చేయి కుదుపు లేకుండా నింపాదిగా లాగగలదు. కాకపోతే బకెట్ పళ్లను చాసిస్ కింద పెట్టి ఎత్తనివ్వకూడదు, డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు నలుగుతాయి. బెల్టు కట్టి బకెట్‌కు తగిలించడమే సరైన దారి. చేయి పైకెత్తే ముందు తలపైన కరెంటు తీగలున్నాయేమో చూడాలి.

బండికి వించ్ ఉంటే ఎవరి సాయమూ లేకుండా బయటపడవచ్చు. 9,500 పౌండ్ల వించ్ అంటే సుమారు 4.3 టన్నులు. అదీ డ్రమ్ము మీద తాడు ఒక్క వరస మాత్రమే మిగిలినప్పుడు. పైవరసల నుంచి లాగితే బలం తగ్గుతుంది. మడ్‌గార్డు లోతులో ఉన్న బండికి అది చాలదని పైన లెక్కలోనే తేలింది. కప్పీ ఒకటి చెట్టు దగ్గర పెట్టి తాడును తిరిగి బండికే తగిలిస్తే లాగుడు దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. ఉక్కు తాడైతే కనీసం అయిదు చుట్లు, సింథటిక్ అయితే పది చుట్లు డ్రమ్ము మీద మిగలాలి. చెట్టుకు వెడల్పాటి బెల్టును మొదట్లో, నేలకు దగ్గరగా చుట్టి దానికి తగిలించాలి. తాడును చెట్టుకే చుడితే బెరడు కోసుకుపోయి చెట్టు చచ్చిపోతుంది. కరెంటు స్తంభానికి ఎట్టి పరిస్థితిలోనూ కట్టకూడదు. చెట్టు లేని డెల్టా పొలాల్లో స్టెప్నీని లాగే దిశకు అడ్డంగా నడుములోతు గోతిలో పాతి, బెల్టు బయటికి రావడానికి బండి వైపు సన్నటి గాడి తీసి, మట్టి తొక్కి బిగిస్తే అదే గుంజ. పాతడానికి గంట పట్టవచ్చు గానీ నమ్మకమైన ఉపాయం.

ఒక్క సందర్భంలో పైన చెప్పినవేవీ చేయకూడదు. వాగులో గానీ చప్టా మీద గానీ బండి దిగబడి, నీరు పెరుగుతుంటే, మనుషులు వెంటనే దిగి గట్టుకు చేరాలి. ఎగువన పడ్డ వాన ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నప్పుడే వాగులోకి వస్తుంది. తాడు తేవడానికీ సామాను తీసుకోవడానికీ మళ్లీ నీటిలోకి వెళ్లకూడదు. కాలవ వైపు ఒరిగిన బండి విషయంలోనూ తొందరపడకూడదు. ముందు ఎదుటివైపు నుంచి ఒక తాడుతో దాన్ని కట్టి నిలపాలి, ఆ తర్వాతే ఎవరైనా దగ్గరికి పోవాలి.

బయటపడ్డాక

గట్టి నేల మీదికి వచ్చాక ముందు డిఫరెన్షియల్ లాక్ తీసి, రెండు చక్రాలకే బలం అందే 2హెచ్‌కు మార్చాలి. పార్ట్‌టైమ్ ఫోర్ బై ఫోర్ బండిని తారురోడ్డు మీద అలాగే నడిపితే ముందు, వెనక ఇరుసుల మధ్య బిగుతు పెరిగి గేర్ల మీద అనవసరమైన భారం పడుతుంది. చక్రాలు తవ్విన గోతులను అక్కడే పూడ్చాలి. ఆ డొంక మీద రాత్రి బైకు మీద వచ్చే రైతుకు అవి కనిపించవు. పొలంలో దిగబడితే పైరుకు జరిగిన నష్టం రైతుతో మాట్లాడుకుని కట్టివ్వాలి.

టైర్లలో గాలి నింపాలి. మెల్లగా నడుస్తూ బ్రేకును నాలుగైదుసార్లు తేలిగ్గా తొక్కితే డ్రమ్ముల్లో చేరిన తడి ఆరుతుంది. వేగం అందుకోగానే స్టీరింగ్ వణికితే రిమ్ము లోపల మట్టి ముద్ద ఎండి అంటుకుందని అర్థం, అలైన్‌మెంట్ పోయిందని కంగారు పడనక్కర్లేదు. ఇంటికి చేరాక రేడియేటర్ రేకుల మధ్య చేరిన మట్టిని నీటితో మెత్తగా కడగాలి. ప్రెషర్ పంపు దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి. ఇరుసు నీటిలో మునిగి ఉంటే మరుసటి రోజు డిఫరెన్షియల్ ఫిల్లర్ బోల్టు విప్పి నూనె చూడాలి. అది పాలు కలిపినట్టు తెల్లబారి ఉంటే లోపల నీరు చేరినట్టే. ఆ నూనెతో నడిపితే బేరింగులు త్వరగా అరిగిపోతాయి, కాబట్టి బండిని మళ్లీ లోడుకు తిప్పకముందే మార్పించాలి.